ఇచ్చేవారి చేయి పడిన కానుక

ఈ సంక్రాంతికి ఎవరూ బజారు కానుకలు ఇచ్చిపుచ్చుకోవద్దని, ప్రతి ఇంటివారూ ఏదో ఒకటి ఇంట్లోనే చేసి ఇరుగుపొరుగులకు పంచాలని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక ప్రతిపాదన వచ్చింది. దీపావళికి వచ్చిన డ్రై ఫ్రూట్ పెట్టెలు, సోన్ పాపిడి డబ్బాలు చుట్టిన కాగితం కూడా విప్పకుండానే ఒక గుమ్మం నుంచి మరో గుమ్మానికి చేరడం చూసి విసిగిపోయినవారు పెట్టిన ప్రతిపాదన అది. కాసేపట్లోనే చాలామంది మగవారు ఉత్సాహంగా స్పందించారు. ఒకరు అరిసెలు చేయిస్తానన్నారు. మరొకరు, తన భార్య సున్నుండలు బాగా చేస్తుందని, అన్ని ఫ్లాట్లకూ పంపిస్తామని రాశారు. ఆ ఇళ్ల ఆడవాళ్లలో ఒక్కరు కూడా ఆ పూట ఏమీ రాయలేదు. మర్నాడు లిఫ్టులో కలిసినప్పుడు వారిలో ఒకావిడ, "పండక్కి ముందు వారమంతా మా ఆఫీసులో ఆడిట్, పిండి ఎప్పుడు పట్టించాలో తెలియడం లేదు" అని మాత్రం అంది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇంట్లో చేసిన కానుక కొన్న కానుక కంటే విలువైనదని నేనూ మనస్ఫూర్తిగా నమ్ముతాను. అయితే ఆ విలువ మన ఇంటి పొయ్యి మీద తయారైనంత మాత్రాన రాదు. ఇచ్చే మనిషి తన సొంత సమయాన్ని, తన చేతుల శ్రమను, పుచ్చుకునే మనిషి ఇష్టాయిష్టాలను తలచుకుంటూ వెచ్చించినప్పుడే వస్తుంది. శ్రమ ఒకరిది, ఇచ్చిన పేరు మరొకరిది అయినప్పుడు దాన్ని ఇంటి కానుక అనడానికి నాకు మనసొప్పదు. బజారు మిఠాయి చేసినవారికి కనీసం కూలి ముడుతుంది. ఇంట్లో చేసినవారికి చాలాసార్లు అదీ ఉండదు, మంచిమాట కూడా ఉండదు.

సకినాలు చుట్టిన చేతులు

నేను పుట్టింది కరీంనగర్ వైపు. మెట్టినిల్లు కోనసీమ. అందువల్ల సకినాల పండుగనూ, అరిసెల పండుగనూ రెండింటినీ దగ్గరగా చూశాను. సకినాలు ఒంటరిగా చేసుకునే వంట కాదు. కొత్త బియ్యం నానబెట్టి, వడకట్టి, తడి ఆరకముందే పిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి తడిపిన తరువాత, వాకిట్లో తెల్లటి బట్ట పరిచి దాని చుట్టూ ఆడవాళ్లు కూర్చుంటారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండిని మెలి తిప్పుతూ, దారంలా జారవిడుస్తూ, చుట్టు మీద చుట్టు వేసుకుంటూ పోవాలి. పిండి కాస్త పలచనైతే చుట్లు ఒకదానికొకటి అంటుకుపోతాయి, గట్టిపడితే మెలిక మధ్యలో తెగిపోతుంది. బట్ట తడిని పీల్చుకుని సకినం కొంచెం బిగిశాక, విరగకుండా పళ్లెం మీదకు తీసి నూనెలో జారవిడుస్తారు. ఇవాళ మన ఇంట్లో అయితే రేపు ఎదురింట్లో, ఎల్లుండి మూలమీది ఇంట్లో. చేతులు మాత్రం అవే.

ఆ రోజుల మీద నాకు ఎంతో ప్రేమ ఉంది. బాగా చుట్టగలిగిన పెద్దమ్మ పక్కన కూర్చోవడానికి పిల్లలం పోటీ పడేవాళ్లం, వంకరగా వచ్చిన మా సకినాలను కూడా ఆమె పక్కకు తీసివేయకుండా మిగతావాటితోపాటే వేయించేది. కానీ ఆ ప్రేమతోపాటు మరొక సంగతి కూడా గుర్తుంది. ఆ సకినాలలో పెద్ద వాటా కొత్తగా పెళ్లయిన ఆడపిల్ల అత్తవారింటికి వెళ్లేది. ఎన్ని బుట్టలు వచ్చాయన్నది అక్కడ అందరి ముందూ లెక్కకు వచ్చేది. తక్కువైతే ఆ పిల్ల ఏడాది పొడుగునా మాట పడాల్సి వచ్చేది. మా చిన్నత్తకు అలా జరిగింది. మరుసటి సంవత్సరం మా నానమ్మ మోకాళ్ల నొప్పితోనే రెండింతల పిండి తడిపించింది. బుట్టలు బండికెక్కించి, వియ్యంకులకు అప్పజెప్పి, మర్యాదలు అందుకుని వచ్చింది మాత్రం మగవాళ్లు. కోనసీమలోనూ ఈ సంగతి ఏమంత వేరుగా లేదు. సారెలో వెళ్లే అరిసెలు, చలిమిడి, లడ్డూల బిందెలు ఎన్ని అన్నదే అక్కడా ముందు అడిగేవారు.

అందుకే "పాత రోజుల్లో అన్నీ ఇంట్లోనే చేసి ప్రేమగా ఇచ్చుకునేవాళ్లం" అని ఎవరైనా అంటే నేను వెంటనే తలూపలేను. ప్రేమగా ఇచ్చినవీ ఉన్నాయి, భయంతో ఇచ్చినవీ ఉన్నాయి. రెండూ ఒకే మూకుడులో వేగాయి.

భారత ప్రభుత్వ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటి పనులు చేసే ఆడవారు జీతం భత్యం లేని ఆ పనుల మీద రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుంటే, చేసే మగవారు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అది మామూలు రోజుల సంగతి. పండుగ ముందు వారం ఆ 299 నిమిషాల మీద పిండివంటలు, ఇల్లు దులపడం, వచ్చేపోయే చుట్టాలు వచ్చి పడతాయి. ఆ మీద మరో నలభై ఫ్లాట్లకు సున్నుండలు చేయడమంటే, మినుములు వేయించి విసిరించడం నుంచి నెయ్యి కాచి ఉండలు కట్టేదాకా ఎవరి నడుము నొప్పి పుడుతుందో ఇస్తామని మాట ఇచ్చినవారు ముందుగా ఆలోచించాలి.

ఇంట్లో మనిషి చేస్తే ఇంటివారందరూ చేసినట్టే కదా, భార్యాభర్తల మధ్య ఈ లెక్కలేమిటి అని నాకు ఎదురుచెప్పేవారు ఉన్నారు. మా ఆయన కూడా మొదట అదే అన్నారు. ఈ మాటలో నిజం లేకపోలేదు. సరుకులు తెచ్చినవారు, పిండి మర దగ్గర వరుసలో నిలబడ్డవారు, మూకుడు దించినవారు అందరూ చేసినవారే. అరిసెల పాకం పట్టడమే చూడండి. బెల్లం పాకాన్ని నీళ్లలో వేస్తే మెత్తని ఉండ కట్టే దశలో దించి, అది చల్లారే లోపల ఒకరు తడి పిండి పోస్తూ ఉంటే మరొకరు తెడ్డుతో ఆపకుండా కలపాలి. ఆ కలపడానికి భుజబలం కావాలి. వేగిన అరిసెను చెక్కల మధ్య పెట్టి నూనె కారేదాకా నొక్కడానికీ బలం కావాలి. ఈ రెండు పనులూ ఈమధ్య మా ఇంట్లో మా ఆయనే చేస్తున్నారు. ఆ అరిసెలు ఎవరికైనా ఇస్తూ "మేం చేశాం" అన్నప్పుడు ఆ మాట ఆయనకు కూడా చెందుతుంది. నేను అడుగుతున్నది అంతకన్నా ఎక్కువేమీ కాదు.

పుచ్చుకోవడానికి నిరాకరించిన చేతులు

ఇంటి కానుకలను పొగిడే వ్యాసాలలో సాధారణంగా కనిపించని విషయం ఒకటి ఉంది. మన ఊళ్లలో ఇంట్లో వండినది అన్ని ఇళ్లకూ వెళ్లేది కాదు, అన్ని ఇళ్ల నుంచీ వచ్చేది కాదు. పండుగనాడు పెద్ద కులాల ఇళ్ల నుంచి పనివాళ్లకు అప్పాలు, గారెలు పెట్టేవారు. వాళ్ల ఇళ్లలో చేసినవి మాత్రం ఇటు వచ్చేవి కావు. మా ఇంట్లో పనిచేసే ఒకావిడ ఒక సంక్రాంతికి కొత్త స్టీలు గిన్నెలో సకినాలు పెట్టి, మీద శుభ్రమైన గుడ్డ కప్పి తెచ్చింది. ఆమె కూతురు మొదటిసారి తన చేత్తో చుట్టినవని సంతోషంగా చెప్పింది. మా నానమ్మ నవ్వుతూనే గిన్నె అందుకుంది. ఆవిడ వెళ్లిపోయాక దాన్ని వంటింట్లోకి రానివ్వలేదు, కొట్టంలో గేదె ముందు కుమ్మరించింది. ఆ సకినాల చుట్లు మా ఇంట్లో చుట్టినవాటికంటే ఎంతో నేర్పుగా ఉన్నాయి. నేను వాటిని చూశాను. ఆ అమ్మాయి నా ఈడుదే.

అంగట్లో కొన్న మిఠాయి పెట్టెకు ఈ విషయంలో ఒక గౌరవం ఉంది. దాన్ని ఎవరు ఇచ్చినా ఎవరైనా తీసుకుంటారు. ఎవరు వండారో తెలియకపోవడమే దానికి అన్ని గుమ్మాలూ తెరిచింది. ఈ మాట నేను తేలిగ్గా అనడం లేదు. ఇంటి కానుకల తరఫున వాదించే నాకు ఎదురయ్యే అన్నింటికంటే గట్టి అభ్యంతరం ఇదే. దీనికి నాకు తోచిన సమాధానం ఒకటే. ఇంట్లో చేసిన దాన్ని ఇవ్వాలనుకునేవారు, ఇంట్లో చేసిన దాన్ని ఎవరి దగ్గరి నుంచైనా పుచ్చుకుని, వాళ్ల ఎదుటే నోట్లో వేసుకోగలగాలి. రంజాన్‌కు వచ్చిన షీర్ ఖుర్మాను, క్రిస్మస్‌కు వచ్చిన గులాబీ పువ్వుల పిండివంటను మర్యాదకు తీసుకుని తర్వాత పనిమనిషికి ఇచ్చేసేవారు, తమ అరిసెలను మాత్రం అందరూ మెచ్చుకుని తినాలని ఆశించడం న్యాయం కాదు. మన పల్లెల్లో ఇచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపరు, చారెడు పంచదారో నాలుగు పళ్లో పెట్టి పంపుతారు. ఆ ఆచారం ఎంత మంచిదో, అది ఎవరి గిన్నెలకు వర్తించలేదో కూడా మనం గుర్తు పెట్టుకోవాలి.

మంచి కానుకలుగా నేను చూసినవి

మా ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఏటా కార్తీకంలో ఉసిరికాయ పచ్చడి పెడతారు. భార్య పోయాక ఆమె చేసే పద్ధతిని గుర్తు తెచ్చుకుని, వదినగారిని అడిగి తెలుసుకుని నేర్చుకున్నారు. కాయలను కడిగి, ఒక్క చుక్క తడి లేకుండా గుడ్డతో తుడిచి నీడన ఆరబెడతారు. నూనెలో మెత్తబడేదాకా మగ్గించి, గింజలు తీసి, చింతపండు గుజ్జు, కారం, ఉప్పు, ఆవపిండి, మెంతిపిండి కలిపి జాడీకి ఎత్తుతారు. సంక్రాంతి నాటికి అది ఊరి ఉంటుంది. అప్పుడు చిన్న చిన్న గాజు సీసాలలో సర్ది పాత సహోద్యోగులకు ఇస్తారు. అందరికీ ఒకటే సీసా కాదు. బీపీ ఉన్న నాకు ఉప్పు తగ్గించి విడిగా కలిపిన సీసా ఇస్తారు, అది తొందరగా పాడవుతుంది కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోమని చెబుతారు. ఆ సీసా తెరిచినప్పుడల్లా, ఆ మనిషి తన వంటింట్లో నిలబడి నా జబ్బును గుర్తు పెట్టుకున్నాడన్న సంగతి నాకు గుర్తుకు వస్తుంది. ఎంత ఖరీదైన డ్రై ఫ్రూట్ పెట్టె కూడా నాకు ఆ మాట చెప్పలేదు.

కానుక అంటే తినేదే కానక్కరలేదు. మా అబ్బాయి పుట్టిన ఏడాది సంక్రాంతికి మా అత్తగారు ఒక బొంత కుట్టి ఇచ్చారు. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరలను పొరలు పొరలుగా పరిచి, అంచుల నుంచి లోపలికి దగ్గర దగ్గరగా దూరుకుట్టు వేసుకుంటూ వచ్చారు. పై పొర ఆమె స్వయంగా కట్టిన చీర, కింది పొర మా అమ్మ పాత చీర. దాన్ని అమ్మ దగ్గర అడిగి తెప్పించుకున్నారని నాకు తరువాత తెలిసింది. అంచు దగ్గర మడత మరీ మందమైతే పసివాడి ఒంటికి గుచ్చుకుంటుందని దాన్ని ఒంటికి తగిలే వైపు కాకుండా బయటి వైపు వేశారు. ఏ అంగడిలోనూ ఈ వస్తువు దొరకదు, ఎందుకంటే దాని సరుకే మా ఇద్దరు అమ్మల చీరలు.

మరొకటి చెప్పాలి. డాలస్‌లో చదువుకుంటున్న మా మేనకోడలు సెలవులకు వచ్చినప్పుడు మా అమ్మ పాడే బతుకమ్మ పాటలన్నీ ఫోనులో రికార్డు చేసుకుంది. తిరిగి వెళ్లాక వింటూ, ఒక్కొక్క చరణం తన చేతిరాతతో నోటు పుస్తకంలో ఎక్కించింది. అర్థం కాని మాటల కోసం రాత్రిళ్లు అమ్మకు ఫోన్లు చేసేది. దసరాకు ఆ పుస్తకం జిరాక్సు ప్రతులు మా కుటుంబంలో ఆడపిల్లలందరికీ, ఇద్దరు మగపిల్లలకు కూడా అందాయి. ఆమె తెలుగు రాతలో ఒత్తులు అక్కడక్కడా తప్పాయి, అమ్మ వాటిని పెన్సిలుతో దిద్ది మురిసిపోయింది.

ఈ మూడింటిలోనూ చేసినవారూ ఇచ్చినవారూ ఒకరే. ఎవరి కోసం చేస్తున్నారో వారికి ముందే తెలుసు. అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకే రకం లడ్డూలు పంచడానికీ దీనికీ ఉన్న తేడా నా దృష్టిలో చాలా పెద్దది.

కొని ఇవ్వడం చిన్నతనం కాదు

ఇలా రాస్తున్నంత మాత్రాన అందరూ అన్నీ ఇంట్లోనే చేసుకోవాలని నేను అనడం లేదు. కొన్ని పనులకు ఒక జీవితకాలపు నేర్పు కావాలి. గోదావరి ఒడ్డున ఆత్రేయపురంలో పూతరేకులు చేసే స్త్రీలను నేను దగ్గర నుంచి చూశాను. బోర్లించిన కుండ కింద మంట ఎప్పుడూ ఒకే తీరుగా ఉండాలి. పలుచటి బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద పరిచి ఒక్క లాగులో తీసేస్తే, అవతలి వెలుతురు కనిపించేంత పలుచటి రేకు నిలుస్తుంది. ఆ వేడికి వాళ్ల ముంజేతులు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి. ఆ పూతరేకులకు 2023లో, అవి ఆ ఊరి సొంత సరుకని తెలిపే భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) లభించింది. యూట్యూబ్‌లో చూసి ఇంట్లో ప్రయత్నించడం కంటే వాళ్ల దగ్గర బేరమాడకుండా కొని, ఎవరి దగ్గర కొన్నామో చెప్పి ఇవ్వడమే ఆ నేర్పుకు మర్యాద. పండుగ రోజుల్లో తీరిక లేని ఉద్యోగినులు పక్క వీధిలో పిండివంటలు చేసి అమ్మే ఆవిడకు డబ్బులిచ్చి చేయించుకోవడం కూడా నాకు తప్పుగా తోచదు. శ్రమకు వెల కట్టి, అది ఎవరి శ్రమో దాచకుండా ఇస్తే చాలు.

పేరంటాలలో, నోములలో పంచే ప్లాస్టిక్ గిన్నెల మీద మాత్రం నాకు ఏ సానుభూతీ లేదు. అవి ఎవరూ చేసినవి కావు, ఎవరికీ అవసరమైనవి కావు.

తేదీ, పేరు, పరిమాణం

ఇంట్లో చేసి ఇచ్చేవారు పాటించాల్సిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి, వాటిని ప్రేమ పేరుతో దాటవేయకూడదు. విడిగా అమ్మే మిఠాయిల మీద కూడా ఏ తేదీలోపు తినాలో చూపించాలని ఆహార భద్రతా సంస్థ 2020 అక్టోబరు 1 నుంచి దుకాణాలకు నిబంధన పెట్టింది. దుకాణదారుడి నుంచి మనం ఆశించే ఆ పాటి బాధ్యత మనకూ ఉండాలి. నూనె బాగా పిండిన అరిసెలు రెండు మూడు వారాలు నిలుస్తాయి, సున్నుండలు అంతకంటే ఎక్కువ కాలం ఉంటాయి. పచ్చి కొబ్బరి వేసినవి దూరం పంపకూడదు. వేరుశనగ పడనివారు ఉంటారు కాబట్టి ఏమేం వేశామో రాయాలి. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం మన దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని అంచనా వేసింది. అంటే మనం పండుగకు ఇచ్చే తీపి చాలా ఇళ్లలో, ఎవరికి ఇచ్చామో వారు తప్ప మిగిలినవారు తినే తీపి అవుతోంది. మా నాన్నగారికి షుగరు వచ్చిన తరువాత కూడా ఆయన పేరు మీద కిలోల కొద్దీ మైసూర్‌పాక్ వచ్చేది. ఆయన పెట్టెలు తెరిచి, వాసన చూసి, మూత పెట్టేసేవారు.

తీరిక లేదన్న మాటకు నా దగ్గర పెద్ద వాదన లేదు. తీరిక లేనివారికి నిజంగానే లేదు. వారికి నేను చెప్పగలిగింది పరిమాణం తగ్గించుకోమనే. నలభై ఇళ్లకు కాక, ఇద్దరికి చేయండి. ఎన్నడూ పొయ్యి ముట్టని మగవారు కూడా మొదలుపెట్టగలిగినది కందిపొడి. ఒక గ్లాసు కందిపప్పు, అందులో నాలుగో వంతు పెసరపప్పు తీసుకుని సన్నటి సెగ మీద వేటికవి విడివిడిగా, కమ్మటి వాసన వచ్చి రంగు మారేదాకా వేయించాలి. పక్కకు తిరిగి ఫోను చూసుకుంటే పప్పు మాడుతుంది, మాడిన ఒక్క గుప్పెడూ మొత్తం పొడిని చేదు చేస్తుంది. ఎండుమిరపకాయలు, జీలకర్ర కూడా వేయించి, అన్నీ పూర్తిగా చల్లారాక ఉప్పు వేసి మిక్సీ పట్టాలి. వేడి మీదే మిక్సీ పడితే ఆవిరికి చెమ్మ పట్టి వారంలోనే వాసన వస్తుంది. అరగంట పని. హాస్టల్లో ఉన్న పిల్లలకు, ఒంటరిగా వండుకునే ముసలివారికి, నెయ్యీ వేడి అన్నమూ ఉంటే ఒక పూట గడిచిపోయే కానుక. పొడిగా ఉన్న సీసాలో పోసి, మూత మీద చేసిన తేదీ, వేసిన దినుసులు, చేసినవారి పేరు రాసి ఇవ్వండి. ఇంటి పేరు కాదు, ఆ పప్పు వేయించిన మనిషి పేరు.